థండర్‌బర్డ్ ముందు భాగం మొత్తం క్రోమ్ చేయిస్తే బాగుంటుందా, పైసలు దండగా?

కోరుట్ల 350
అన్నలూ, నాది 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ థండర్‌బర్డ్ 350 బండి. 61 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్‌కు ఏ రోగం లేదు కానీ ముందు నుంచి చూస్తే ఏడుపొస్తుంది. ముందు షాకుల కింది గొట్టాలు, అదే బాటమ్స్ మీద రంగు పెచ్చులు లేచింది, హెడ్‌లైట్ రింగుకు తుప్పు చుక్కలు, షాకులను హ్యాండిల్ దగ్గర పట్టి ఉంచే పై టీ ప్లేట్ మసకబారింది. డిసెంబర్‌లో హన్మకొండ నుంచి ములుగు, ఏటూరునాగారం మీదుగా భోపాలపట్నం దాటి జగదల్‌పూర్ పోదామని ప్లాన్. ఆలోపు బాటమ్స్, టీ ప్లేట్, హెడ్‌లైట్ గిన్నె (డూమ్), ముందు చక్రం యాక్సిల్, బోల్టులు అన్నిటికీ మెరిసే క్రోమ్ పూత వేయిద్దామని ఉంది. ఒక షాపులో 16 వేలు చెప్పారు. ఇంకొకాయన రెడీమేడ్ కవర్లు తొడిగితే 4 వేలలో అయిపోతుందన్నాడు. ఏది చేయమంటారు?

ఎనుమాముల రైడర్
16 వేలా! రెండు టైర్లు వచ్చి జగదల్‌పూర్ పెట్రోల్ కూడా మిగులుతుంది కదా.

తూర్పుకోట
చేయించు తమ్మీ, ఆలోచించకు. నేను 2019లో చేయించా, ఇప్పటికీ బాటమ్స్‌లో ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. కాకపోతే షాపును చూసి ఇవ్వాలి. అల్యూమినియానికి నేరుగా క్రోమ్ పట్టదు. ముందు పల్చగా జింక్ పూత, దాని మీద రాగి, ఆ పైన నికెల్, చివర క్రోమ్. మనకు కనిపించే మెరుపులో ఎక్కువ భాగం నికెల్‌దే, క్రోమ్ దానికి కాపలా. కింది పూతలు ఎగ్గొడితే రెండు వానలకే పొక్కులు వస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం బఫింగ్, అంటే రుద్ది నునుపు చేయడం. పెంబర్తి ఇత్తడి పని దగ్గర నుంచి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు, మెరుపంతా రుద్దిన చేతిలో ఉంటుంది.

కవర్ల జోలికి మాత్రం పోకు. లోపల బురద నీళ్లు నిలిచి అసలు బాటమ్స్‌ను తినేస్తాయి. పైగా సగం కవర్లు ఏబీఎస్ మీద వేసిన క్రోమే.

లక్నవరం లేట్
ఏబీఎస్ మీద క్రోమ్ వేస్తే సెన్సార్ పనిచేస్తుందా? అయినా 2014 బండికి ఏబీఎస్ ఎక్కడిది?

తూర్పుకోట
అది బ్రేకుల ఏబీఎస్ కాదు బ్రదర్. ఒక రకం ప్లాస్టిక్ పేరు. క్రోమ్ బాగా పట్టే ప్లాస్టిక్ అదే.

లక్నవరం లేట్
అదేమో కానీ మా బావమరిది బండికి ఏబీఎస్ లైటు నెల రోజులుగా వెలుగుతూనే ఉంది. ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

సుబేదారి వకీల్
అసలు విషయం ఎవరూ మాట్లాడట్లేదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చదవండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. రేపు చెకింగ్‌లో ఆపితే అప్పుడు ఏడుస్తారు.

తూర్పుకోట
వకీల్ సార్, అదే సెక్షన్ కింద వివరణ కూడా ఉంది. మార్పు అంటే బండి నిర్మాణం మారి, దాని మూల లక్షణం మారిపోవాలి. టీ ప్లేట్ మెరిస్తే మూల లక్షణం ఎట్లా మారుతుంది?

సుబేదారి వకీల్
ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది. మెరుపు రంగు కాదా?

పానా 14
కాజీపేటలో 22 ఏళ్ల నుంచి బండ్ల మెకానిక్ పని చేస్తున్నా కాబట్టి చెబుతున్నా. కోరుట్ల తమ్మీ, నువ్వు రాసిన లిస్టులో డూమ్, హెడ్‌లైట్ రింగు ఒక్కటే నిశ్చింతగా చేయించుకోవచ్చు. మిగతావి అలంకారం సామాన్లు కావు, బండిని నిలబెట్టేవి.

మొదట బోల్టులు. గట్టి స్టీలును ఆసిడ్‌లో, పూత పెట్టే ప్లేటింగ్ తొట్టిలో ముంచితే అది హైడ్రోజన్‌ను లోపలికి పీల్చుకుని పెళుసుబారుతుంది. ప్లేటింగ్ అయిన కొన్ని గంటల్లోపే దాదాపు 190 డిగ్రీల వేడిలో గంటల తరబడి ఉంచితేనే అది బయటికి పోతుంది. ఇక్కడ నట్టుకు ఇంత అని లెక్కగట్టి ముంచి తీసేవాళ్లలో ఓవెన్ ఎవరి దగ్గరుంది? అట్లాంటి బోల్టు బిగించేటప్పుడు బాగానే ఉంటుంది. రెండు రోజులకో రెండు నెలలకో పుటుక్కుమంటుంది. యాక్సిల్‌కు కూడా ఇదే లెక్క.

ఇక బాటమ్స్. పోయినేడు ఒకాయన క్రోమ్ కొట్టించిన బాటమ్స్ తెచ్చి బిగించమన్నాడు. షాక్ ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీల్ కూర్చునే గాడి లోపల కూడా ప్లేటింగ్ పడింది. సీల్ దిగలేదు. వద్దంటే వినలేదు, ‘జర గట్టిగా కొట్టు అన్నా, దిగుతది’ అని పక్కన నిలబడి కొట్టించాడు. నెల తిరక్కముందే డిస్క్ వైపు షాక్ కారింది. బ్రేక్ ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే కాలిపర్ ఆ బాటమ్‌కే ఉంటుంది కదా, ఆయిల్ జారి ప్యాడ్ల మీదికి పోయింది. జనగామ దగ్గర బ్రేక్ పట్టక ట్రాక్టర్ ట్రాలీకి మూరెడు దూరంలో ఆగాడట. విప్పి చూస్తే నల్లటి షాక్ ఆయిల్‌లో గోరంత వెండి రేకు. వేలి మీదికి తీసుకుంటే అద్దంలా ఉంది. అది బాటమ్‌లో పైకీ కిందికీ జారే రాడ్డును పొడుగునా గీరేసింది. చివరికి ఆయన అన్న మాట ఏంటంటే, ‘మెకానిక్‌కు బిగించడం రాదు’. పదిమందిలో అన్నాడు.

తూర్పుకోట
అది ప్లేటింగ్ షాపు తప్పు. గాడికి, కాలిపర్ బోల్టుల మరలకు మాస్కింగ్ చేయాలి, అంటే పూత పడకుండా మూసి ఉంచాలి. నాకు చేశారు, నాకేం కాలేదు. అయినా రాడ్డు మీద ఉన్నది కూడా క్రోమే కదా అన్నా? కంపెనీయే వేస్తుంటే మనం భయపడటం ఎందుకు?

పానా 14
గొడ్డలీ బ్లేడూ రెండూ ఇనుమే కదా అన్నట్టుంది. 41 ఎంఎం రాడ్డు మీద ఉండేది హార్డ్ క్రోమ్. మందంగా వేసి, సాన పట్టి కొలతకు తెస్తారు. బాటమ్ మీద వేసే షోకు క్రోమ్ ఒక మైక్రాన్ కూడా ఉండదు.

ఓరుగల్లు టూరర్
భద్రత సంగతి పెద్దలు మాట్లాడుకోండి. ఎండ సంగతి నేను చెబుతా. సాయంత్రం ఇక్కడి నుంచి హైదరాబాద్ వైపు పోతుంటే సూర్యుడు ఎదురుగా ఉంటాడు. టీ ప్లేట్ క్రోమ్ అయితే కంట్లో సూది గుచ్చినట్టే. ఇంతకీ తూర్పుకోట అన్నా, మేడారం పోయినప్పుడు పెట్టిన ఫోటోలో మీ టీ ప్లేట్ మీద నల్ల టేపు ఎందుకుంది?

తూర్పుకోట
అది గీతలు పడకుండా.

ఓరుగల్లు టూరర్
మెరవడానికి పైసలు పెట్టి, మెరవకుండా టేపు వేసినట్టు కాదా?

తూర్పుకోట
టేపు 20 రూపాయలు. విప్పుతా, వేస్తా, నా ఇష్టం. ఇక్కడ అందరికీ ఒక రోగం ఉంది. ఎవరైనా బండిని ముద్దుగా చూసుకుంటే ఓర్వలేరు. 2019లో నేను క్రోమ్ చేయించిన వారమే మా గ్రూపులో ‘పెళ్లికొడుకు’ అని పేరు పెట్టారు. ఆ నవ్వినవాళ్ల బండ్లు ఇప్పుడు ఎక్కడున్నాయి? పాత సామాన్ల కింద పోయినయి.

పానా 14
ఓర్వలేకపోవడం కాదు. కోపం దేనికో చెబుతా వినండి. ఈ షోకులకు 16 వేలు బేరం లేకుండా ఇస్తారు. అదే మనిషి షాక్ ఆయిల్, రెండు సీళ్లు మార్చి హ్యాండిల్ తిరిగే బేరింగులు, అదే కోన్‌సెట్ సరిచేస్తే లేబర్ 900 అంటే ‘500 తీసుకో కాకా’ అంటాడు. గల్ఫ్ పైసలు వచ్చిన కాడి నుంచి మన దిక్కు ఇదే వరస. ముందు భాగం మెరవాలి, లోపల ఆయిల్ మార్చి ఎన్నేళ్లైందో ఎవనికీ తెలవదు. కోరుట్ల తమ్మీ, 61 వేలల్లో నువ్వు షాక్ ఆయిల్ ఎన్నిసార్లు మార్చినవ్?

కోరుట్ల 350
ఒక్కసారి కూడా మార్చలేదు. ఒప్పుకుంటా.

కానీ గల్ఫ్ పైసలు అన్నావు చూడు, దానికి జవాబు చెప్పాలి. నేను 9 ఏళ్లు అబూదాబీలో కార్లు కడిగిన. తెల్లవారుజామున 4 గంటలకు అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో రెండు బకెట్లు, ఒక జిగురు పట్టిన గుడ్డ, పొద్దెక్కేలోపు 30 కార్లు. ముందు గ్రిల్ మీద నీటి చుక్క ఎండి మరక ఉంటే ఆ రోజు కూలి కోత. అట్లా ఊరోళ్ల క్రోమ్ నేను తుడిచిన అన్నా. ఈ నా థండర్‌బర్డ్‌ను కూడా నేను సరిగా వాడలేదు, సెలవుకు వచ్చినప్పుడు 20 రోజులు తిప్పేది, మిగతా కాలం తమ్ముడు తిప్పిండు. ఇప్పుడు నా ఇంటి ముందు, నా బండి ముందు భాగం పొద్దున్నే నేను తుడుచుకుంటా. అది షోకే. ఉండనీ. దండుగా కాదా అని నేను అడిగిన మాట నిజమే, కానీ నా పైసలు ఎక్కడివని ఎవరినీ అడగలేదు.

ఎనుమాముల రైడర్
🙏

సుబేదారి వకీల్
ఆర్‌సీ రంగు ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు.

పానా 14
తమ్మీ, ఆ ఒక్క మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. మిగతాది తీసుకోను. నువ్వు తుడుచుకో, నాకేం బాధ. కానీ మధ్యలో బిగించేది నా చెయ్యి. నీకు మెరుపు కావాలి, షాపోడికి పైసలు కావాలి, రోడ్డు మీద ఏమన్నా అయితే మాత్రం పేరు నాది పోతది. నేను కొట్లాడుతున్నది క్రోమ్‌తో కాదు.

తూర్పుకోట
ఈ మాట మొదటే అంటే అయిపోయేది కదా. ఇంతసేపు మైక్రాన్లు ఎందుకు చెప్పినట్టు?

పానా 14
మైక్రాన్లూ నిజమే.

సరే, ఇట్ల చేద్దాం. యాక్సిల్, బోల్టులు ముట్టుకోవద్దు. బోల్టు తలల మీద చిన్న క్రోమ్ టోపీలు దొరుకుతాయి, అవి పెట్టుకో. టీ ప్లేట్‌కు క్రోమ్ వద్దు, బఫింగ్ చేయించి వదిలెయ్, కంట్లో కొట్టదు. బాటమ్స్ నేను విప్పి ఇస్తా. సీల్ గాడి, బుష్ పట్టే లోపలి భాగం, కాలిపర్ మరలు, యాక్సిల్ దూరే బెజ్జం, ఈ నాలుగూ మార్కర్‌తో గీసి పంపిస్తా. ఆ నాలుగు చోట్ల ప్లేటింగ్ కనబడితే బిగించ, వాపస్ తీసుకుపోవాలె. వచ్చాక కొత్త సీళ్లు, కొత్త ఆయిల్, కోన్‌సెట్ చెకింగ్ అన్నీ ఒకేసారి. డిసెంబర్ లోపు అంటే వచ్చే ఆదివారమే తేవాలి.

కోరుట్ల 350
మస్తు అన్నా. ఆదివారం 10 గంటలకు వస్తా. లేబర్ మొత్తం ఎంతయితది?

పానా 14
విప్పుడు, బిగింపు, ఆయిల్, కోన్‌సెట్ అన్నీ కలిపి 1,400. సామాన్లు నీవే.

కోరుట్ల 350
వెయ్యి చేసుకో కాకా.

పానా 14
చూసిన్రా అందరూ?