ఆన్‌లైన్ సర్వే డిజైన్: రంగులు, ఫొటోలు, ఫాంట్లు ఎంతవరకు మార్చుకోవచ్చు?

నీలిసిరా:
అందరికీ నమస్కారం. ఆరోగ్యపు అలవాట్ల మీద ఒక సర్వే తయారు చేస్తున్నాను. ప్రశ్నలు ఖాయమయ్యాయి, ఇప్పుడు అది ఎలా కనిపించాలో చూసుకుంటున్నాను. పైన జాగింగ్ చేస్తున్నవాళ్ల ఫొటో, మా లోగోలో ఉన్న పసుపు రంగులో బటన్లు, 1 నుంచి 7 దాకా ఒక అంకె ఎంచుకునే జవాబు స్కేళ్లకు ఎరుపు నుంచి ఆకుపచ్చ దాకా రంగులు పెడదామని ఆలోచన. సర్వే మొత్తం తెలుగులోనే. ఎక్కువమంది ఫోన్లోనే నింపుతారు. గూగుల్ ఫామ్స్ సరిపోతుందా, వేరేది చూడాలా? ఇలాంటివి చేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

ప్రశ్నావళి:
ఆ జాగింగ్ ఫొటో మాత్రం వద్దండి. మిగతావి ఎలా ఉన్నా ముందు దాన్ని తీసేయండి. మిక్ కూపర్, రోజర్ టురాంజో, ఫ్రెడరిక్ కాన్రాడ్ అనే పరిశోధకులు సరిగ్గా ఇదే పరీక్షించి 2007లో ప్రచురించారు. మీ ఆరోగ్యం ఎలా ఉంది అని అడుగుతూ కొందరికి వ్యాయామం చేస్తున్న మహిళ ఫొటో, ఇంకొందరికి ఆసుపత్రి మంచం మీద ఉన్న మహిళ ఫొటో చూపించారు. వ్యాయామం ఫొటో చూసినవాళ్లు తమ ఆరోగ్యానికి తక్కువ మార్కులు వేసుకున్నారు. తెలియకుండానే ఆ ఫొటోలోని మనిషితో పోల్చుకున్నారన్నమాట. మీ సర్వే విషయం కూడా అదే కాబట్టి ఫొటో ఉంటే జవాబులు మారే ప్రమాదం ఉంది. బొమ్మ కావాలంటే ఆరోగ్యంతో సంబంధం లేని గీతల డిజైన్ ఏదైనా పెట్టండి.

స్కేలు రంగుల సంగతీ అంతే. వాళ్లే చేసిన ఇంకో ప్రయోగంలో స్కేలు రెండు చివర్లకూ ఒకే రంగు ఛాయలు పెట్టినప్పటి కంటే, వేర్వేరు రంగులు పెట్టినప్పుడు జవాబులు స్కేలులో ఎక్కువ అనే చివర వైపు జరిగాయి. ప్రతి పాయింటుకీ మాటల్లో లేబుల్ రాసినప్పుడు మాత్రం రంగు ప్రభావం దాదాపు పోయింది. అందుకే నేను ఒకే రంగు వాడి, 'అస్సలు లేదు', 'కొంచెం' అంటూ ప్రతి పాయింటుకీ లేబుల్ పెడతాను. పైగా ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు కూడా ఉంటారు.

బొమ్మలకొలువు:
ప్రశ్నావళి గారు చెప్పింది నిజమే గానీ, డిజైన్ అంటేనే అనుమానంగా చూడాల్సిన పని లేదు. లోగో లేని తెల్ల పేజీ తెరుచుకుని వయసు, ఫోన్ నంబరు అడిగితే నేనైతే మోసం లింకనుకుని మూసేస్తాను. ఎవరు అడుగుతున్నారో మొదటి స్క్రీన్లోనే తెలియాలి. లోగో, సంస్థ పేరు, మీ రంగు పైన గట్టిగా పెట్టండి. జవాబులు నొక్కే చోట మాత్రం ఏమీ వద్దు. ఇన్నేళ్లుగా నేను పాటించే గీత ఇదే.

గూగుల్ ఫామ్స్ హెడర్ బొమ్మ 1600 × 400 పిక్సెల్స్ కొలతలో చేసుకోండి, లేకపోతే కత్తిరింపు మీ చేతిలో ఉండదు. బొమ్మలోనే అక్షరాలు రాయకండి. ఫోన్లో ఆ పట్టీ ఎంత చిన్నదవుతుందంటే వాటిని ఎవరూ చదవలేరు. గూగుల్ ఫామ్స్‌లో సీఎస్‌ఎస్ (వెబ్ పేజీ రూపాన్ని మార్చే కోడ్) రాసుకునే వీలు లేదు. థీమ్ రంగు, దాని ఛాయల్లో నేపథ్యం, ఫాంట్, సైజు, అంతవరకే. చిన్న సర్వేకి అది చాలు.

నీలిసిరా:
ఫొటో తీసేశాను, స్కేలు రంగులు కూడా. పసుపు బటన్ల మాటేమిటి? మా పెద్దవాళ్లు ఆ రంగు వదులుకోరు.

గడికట్టు:
పసుపు ఉంచుకోండి, దాని మీద తెల్ల అక్షరాలు వద్దు. అచ్చమైన పసుపు (#FFFF00) మీద తెలుపు కాంట్రాస్ట్, అంటే అక్షరాలకీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా, 1.07కి 1. అంటే ఏమీ కనపడదు. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5కి 1 ఉండాలంటుంది. అదే పసుపు మీద నల్ల అక్షరాలు పెడితే ఇబ్బందే లేదు, లోగో రంగూ మారదు.

ఎక్కువమంది ఇరుక్కునేది బూడిద రంగు దగ్గర. ప్రశ్న కింద సూచనలను లేత బూడిదలో పెడితే మానిటర్ మీద అందంగానే ఉంటుంది, ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్లకి కనపడదు. తెల్ల నేపథ్యం మీద #999999 కోడ్ ఉన్న లేత బూడిద 2.85 దగ్గరే ఆగిపోతుంది, కాస్త ముదురు #767676 అయితే 4.54తో గట్టెక్కుతుంది. క్రోమ్‌లో ఇన్‌స్పెక్ట్ తెరిచి అక్షరాల రంగు గడి మీద నొక్కితే ఈ నిష్పత్తి అక్కడే చూపిస్తుంది.

వత్తుపొల్లు:
తెలుగు సర్వే అన్నారు కాబట్టి ఇది చెప్పి తీరాలి. ఎంచుకున్న ఫాంట్లో తెలుగు అక్షరాలు లేకపోతే ఫోన్ తన దగ్గరున్న తెలుగు ఫాంట్ తెచ్చి పెడుతుంది. అప్పుడు అంకెలు ఒక తీరు, అక్షరాలు ఇంకో తీరు. వెబ్‌ఫాంట్ (పేజీతో పాటే ఫోన్‌కి వచ్చే ఫాంట్) పెట్టే వీలున్న చోట ప్రశ్నలకి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ వాడండి. రామభద్ర లాంటి బొద్దు ఫాంట్ శీర్షికకే బాగుంటుంది.

అసలు గొడవ వరసల మధ్య ఖాళీతో. ఇంగ్లీషు కోసం చేసిన థీముల్లో లైన్ హైట్ తక్కువగా ఉంటుంది. 'స్త్రీ', 'ఉష్ణోగ్రత', 'అస్వస్థత' లాంటి మాటల్లో కింది వత్తు బటన్ అంచు దగ్గర సగానికి తెగిపోతుంది. చదివేవాడికి అది అచ్చుతప్పులా కనిపిస్తుంది. లైన్ హైట్ 1.6 లేదా 1.7కి పెంచండి, బటన్‌కి ఎత్తు ఫిక్స్ చేయకుండా పైనా కిందా ప్యాడింగ్ (అక్షరాల చుట్టూ ఖాళీ) ఇవ్వండి.

లైమ్‌సర్వే అనే సర్వే సాఫ్ట్‌వేర్‌లో ఇవన్నీ చేసుకోవచ్చు. థీమ్ ఎడిటర్లో అసలు థీమ్‌ని ఎక్స్‌టెండ్ చేసి (దాని మీద ఆధారపడే కాపీ తీసుకుని), ఆ కాపీలోని కస్టమ్ సీఎస్‌ఎస్ ఫైల్లో రాసుకోండి. అప్‌డేట్ వచ్చినా మీ మార్పులు పోవు.

గడికట్టు:
ఇంకొకటి. ఒక సంస్థ పంపిన సర్వే ఈమధ్య ఫోన్లో నింపబోయాను. ఎడమవైపు వాక్యాలు, పైన ఏడు నిలువు వరసలు. స్క్రీన్ మీద నాలుగే కనిపించాయి, మిగతావి పక్కకు జరిపితే గానీ రావు. జరిపితే ఎడమవైపు వాక్యం మాయం. ఏ వాక్యానికి జవాబిస్తున్నానో తెలియక మధ్యలోనే వదిలేశాను. ఆ పట్టికను విడి ప్రశ్నలుగా విడగొట్టి, జవాబులను నిలువుగా ఒకదాని కింద ఒకటి పేర్చి ఉంటే పూర్తి చేసేవాణ్ణి.

నీలిసిరా:
స్కేలు బదులు స్లైడర్ (పక్కకు జరిపే మీట) పెడితే పట్టిక సమస్య ఉండదు కదా? చూడ్డానికీ బాగుంటుంది.

ప్రశ్నావళి:
స్లైడర్ మీట మొదట ఎక్కడ నిలబడి ఉంటుందో చూసుకోండి. మధ్యలో ఉంటే, కదపకుండా ముందుకెళ్లినవాళ్లు నిజంగా 'మధ్యస్థం' అన్నారో, ప్రశ్నే చూడలేదో డేటాలో తేల్చలేరు. నొక్కేదాకా మీట కనపడని సెట్టింగ్ ఉంటే సరే, లేకపోతే రేడియో బటన్లే (ఒక్కటే ఎంచుకునే గుండ్రటి గుర్తులు) మేలు. అన్నట్టు, రాసే జవాబులకు పెట్టె ఎంత పెద్దదిగా కనిపిస్తే జనం అంత ఎక్కువ రాస్తారు. ఒక్క మాట చాలనుకున్న చోట చిన్న పెట్టె, వివరం కావాల్సిన చోట నాలుగైదు వరసల పెట్టె పెట్టండి.

బొమ్మలకొలువు:
లింకు పంపే ముందు ఎవరూ తెరవని పేజీలు కూడా తెరిచి చూడండి. జవాబు ఇవ్వకుండా ముందుకు నొక్కినప్పుడు వచ్చే హెచ్చరిక, చివరి ధన్యవాదాల పేజీ, గడువు దాటాక కనిపించే పేజీ. థీమ్ మార్చినా ఇవి పాత రంగుల్లోనో ఇంగ్లీషులోనో ఉండిపోతుంటాయి. హెచ్చరిక ఎర్ర గీతతో సరిపెట్టకుండా 'ఈ ప్రశ్నకు జవాబు ఇవ్వండి' అని మాటల్లో కూడా రాయండి. ఫోన్ డార్క్ మోడ్‌లో పెట్టి ఒకసారి తెరవండి, నల్ల అక్షరాల లోగో వెనక రంగు లేని (పారదర్శక) పీఎన్‌జీ బొమ్మ అయితే నల్ల నేపథ్యంలో కలిసిపోతుంది.