తిమింగిలమా, తిమింగలమా?

హనుమకొండ పాఠకుడు: "అస్తి మత్స్యస్తిమిర్నామ" శ్లోకం (తిమి అనే చేప, దాన్ని మింగేది తిమింగిలం, దాన్నీ మింగేది మరొకటి అంటూ సాగేది) చివర "తద్గిలోఽప్యస్తి రాఘవః" అనాలా, విసర్గ లేకుండా "రాఘవ" అనాలా? విసర్గ ఉంటే అదొక చేప, లేకుంటే రాముణ్ణి పిలవడం. ఎటూ తేలక నిద్ర పట్టడం లేదు.

మానేరు ఒడ్డు: విసర్గ తరువాత. పత్రికలన్నీ "తిమింగలం" అంటున్నాయి. వేయిస్తంభాల గుడి ఉన్న ఊరివారు, ముందు "గి" మీది గుడిని కాపాడండి. అమరకోశంలో "తిమింగిలాదయః" అనే ఉంది.

జనగామ: గుడిని ఎవరూ కూల్చలేదు, జనం సవరించుకున్నారు. గలమంటే గొంతు. పాడే జీవి గనుక తిమింగలం. హంప్‌బ్యాక్ తిమింగలాల పాటల గురించి శాస్త్రవేత్తలు రోజర్ పేన్, స్కాట్ మెక్‌వే 1971లోనే రాశారు.

కాజీపేట జంతుశాస్త్రి: పాట నిజమే, గొంతు సగమే నిజం. డాల్ఫిన్లూ, పళ్లున్న తిమింగిలాలూ ముక్కుతో పలుకుతాయి. నడినెత్తి మీది ఊపిరి రంధ్రం కింద పెదవుల్లాంటి మడతలుంటాయి. గాలి తోస్తే అవి టకటకా కొట్టుకుంటాయి. ఆ గాలిని బయటికి వదలకుండా మళ్లీ వాడుకుంటాయి. నుదుటి కొవ్వు చప్పుడును ముందుకు గురిపెడుతుంది, ప్రతిధ్వని కింది దవడలోని కొవ్వు గుండా చెవికి చేరుతుంది. పళ్లు లేని హంప్‌బ్యాక్ వంటివి మాత్రం స్వరపేటికనే వాడతాయి. అందులో ఒక కొవ్వు మెత్త ఆనుకొని అదురు పుడుతుందని 2024లో 'నేచర్' పత్రికలో వచ్చింది. మీ లెక్కన డాల్ఫిన్‌ను "తిమినాసం" అనాలి!

మానేరు ఒడ్డు: "గిలేఽగిలస్య" అని, గిలం ముందు 'మ్' చేరుతుందని చెప్పే వ్యాకరణ వార్తికం ఉండగా ముక్కులూ గొంతులూ ఎందుకండీ? మింగేది గిలం.

జనగామ: గలమూ మింగేదే కదా! మా బమ్మెర పోతన "నీరాట వనాటములకుఁ బోరాటం బెట్లు గలిగె" (నీటిలో తిరిగే మొసలికీ, అడవిలో తిరిగే ఏనుగుకూ పోరెలా వచ్చిందని) అన్నప్పుడు అర్థం కన్నా ముందు చెవి నడిచింది. జనం నోరూ అంతే.

కాజీపేట జంతుశాస్త్రి: ఆ నీరాటాన్నీ వనాటాన్నీ ఒక్కరే విన్నారు. తిమింగిలాల పాటలు పరిశీలించిన కేటీ పేన్ 1984లో పోర్ట్‌లాండ్ జంతుప్రదర్శనశాలలో ఏనుగుల పక్కన నిలబడి గాలిలో అదురు పసిగట్టారు. అది మన చెవికి అందనంత మంద్రధ్వని అని తరువాత రికార్డింగుల్లో తేలింది. గజేంద్రుడి మొర వైకుంఠానికి చేరిందంటే మరి...

మానేరు ఒడ్డు: చేర్చింది శార్దూల వృత్తమండీ, మంద్రధ్వని కాదు. "లా వొక్కింతయు లేదు" గట్టిగా చదివి చూడండి.

జనగామ: చదువుతాం. అక్కడ "లావు" అంటే బలమని మా పిల్లలకు మీరే చెప్పాలి. ఏనుగు చిక్కిపోయిందని నవ్వుతున్నారు.