మొదటి పోటీకి పిల్లల్ని ఎలా సిద్ధం చేయాలి?

ప్రశ్న: వారానికి రెండు క్లాసులకు వచ్చే ఏడెనిమిదేళ్ల పిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పుతున్నాను. వచ్చే నెలే వాళ్ల మొదటి పోటీ. ఫ్లోర్ (నేల మీద చేసేవి), బీమ్ (ఎత్తైన సన్నని దూలం మీద చేసేవి) రొటీన్లు, అంటే వరుసగా చేసే విన్యాసాలు వచ్చేశాయి. కానీ నలుగురు చూస్తుంటే బిగుసుకుపోతున్నారు. ఇప్పుడు కొత్త స్కిల్స్ నేర్పనా, ఆపనా?

జవాబు: ఆపేయండి. నిద్రలో లేపినా చేయగలిగిందే రొటీన్‌లో ఉండాలి. మీరే కూర్చుకునే రొటీన్ అయితే తడబడే స్కిల్‌ని తీసేయండి.

ఇక క్లాసులోనే ఉత్తుత్తి పోటీ పెట్టండి. పిల్లలకు పరిచయం లేని పెద్దవాళ్లను జడ్జిగా కూర్చోబెట్టండి. జడ్జి చెయ్యెత్తాక సెల్యూట్ (చేతులెత్తి అభివాదం), చివర్లో మళ్లీ సెల్యూట్. ఈ రెండోది మరిచిపోయి పరుగెత్తుకొచ్చేసే వాళ్లే ఎక్కువ! పడటం కూడా ప్రాక్టీస్ చేయించాలి. అంతర్జాతీయ నియమాల్లో బీమ్ మీంచి పడితే 1 పాయింట్ పోతుంది, 10 సెకన్లలో మళ్లీ ఎక్కాలి. పిల్లల పోటీల్లో ఈ లెక్కలు మారుతుంటాయి, మీ రూల్ బుక్ చూసుకోండి. పడ్డాక ఏం చేయాలో తెలిసిన పిల్ల ఏడవదు, ఎక్కేస్తుంది.

మరో జవాబు: పోటీ రోజు వేసుకునే లియోటార్డ్‌తో (ఒంటికి అతుక్కునే జిమ్నాస్టిక్స్ డ్రెస్), అదే జడతో ముందే ఒకసారి చేయించండి. మా అమ్మాయికి కొత్త లియోటార్డ్ భుజం దగ్గర పట్టేసి చేతులే లేవలేదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. తల్లిదండ్రులు పక్కనుంచి కేకలేస్తుంటే?

మొదటి జవాబిచ్చినవారు: చప్పట్లు సరే, సలహాలొద్దని ముందే చెప్పేయండి. వాళ్ల టెన్షనే పిల్లలకు అంటుకునేది.