సిలోన్ రేడియో పాటలు విజయనగరం దాకా ఎలా వచ్చేవి?

ప్రశ్న (విజయనగరం): మా తాతగారు ప్రతి బుధవారం రాత్రి కోట దగ్గరి హోటల్లో సిలోన్ (నేటి శ్రీలంక) రేడియోలో బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల కార్యక్రమం వినేవారట. మనకు ఆకాశవాణి ఉండగా సముద్రం అవతలి కేంద్రం ఎందుకు అవసరమైందో పెద్దలు దయచేసి తెలియజేయగలరు.

జవాబు (బొబ్బిలి): 1952లో సమాచార, ప్రసార మంత్రి అయిన బి.వి. కేస్కర్ గారు శాస్త్రీయ సంగీతానికే పెద్దపీట వేయడంతో ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు కనుమరుగయ్యాయి. ఆ ఏడాదే సిలోన్‌లో అమీన్ సయానీ గారి గొంతుతో గీత్‌మాలా మొదలై, ఆదరణను బట్టి పాటలకు వరుస కట్టి వినిపించసాగింది. శాస్త్రీయ సంగీతంపై మంత్రిగారి మక్కువ గౌరవించదగినదే గాని, శ్రోతల ఇష్టాన్ని తోసిపుచ్చడం సరికాదని నా అభిప్రాయం.

జవాబు (శ్రీకాకుళం): షార్ట్‌వేవ్ తరంగాలు ఆకాశంలో చాలా ఎత్తున ఉన్న విద్యుదావేశిత పొరను తాకి మళ్ళీ నేలకు దిగుతాయి కనుక, కొలంబో పాట మన జిల్లాల్లో, హోరు మధ్య తేలుతూ మునుగుతూనైనా, వినబడేది. మీనాక్షి పొన్నుదురై గారు తెలుగులో పాటలు ప్రకటించే వేళ మా ఇంట్లో ఎవరూ మాట్లాడేవారు కాదు.

జవాబు (బొబ్బిలి): సిలోన్ రేడియో పోటీ వల్లనే 1957 అక్టోబరు 3న ఆకాశవాణి వారి సినిమా పాటల విభాగం వివిధ భారతి ఆరంభమైంది. గీత్‌మాలా కూడా 1989లో అక్కడికే చేరింది.