సమస్యాపూరణం: ఇల్లు మడిచి సంచిని దాచి యేగినారు

నిర్వాహకుడు: ఈ శనాదివారాలకు క్యాంపింగ్ అంటూ మా పక్క ఫ్లాటువాళ్ళు లిఫ్టులో సామాను దింపుతుంటే తట్టిన పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. టెంటు అందరికీ స్ఫురిస్తుంది. అక్కడే ఆగిపోతే మాత్రం మార్కులు తక్కువే.

ఇల్లు మడిచి సంచిని దాచి యేగినారు

కోరమంగళ కుర్రకవి: ఆగిపోయేవాళ్ళలో నేనే మొదటివాణ్ణి!

రేపు సావనదుర్గము రేయి నెక్క
టార్చి, దుప్పటి, పులిహోర డబ్బ గొనుచు
మిత్రు లేవురు, టెంటను మెత్తనైన
ఇల్లు మడిచి సంచిని దాచి యేగినారు

యశవంతపురం శాస్త్రి: రెండో పాదం బాగుంది. 'టార్చి'కి 'డబ్బ'తో యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత అక్షరం పడటం) కుదరడం అదృష్టం. కానీ 'మెత్తనైన' తర్వాత 'యిల్లు' అని ఉండాలి నాయనా. పాదం మారినంత మాత్రాన సంధి ఆగదు. పైగా బెంగళూరు దగ్గరి సావనదుర్గ రాత్రిపూట ఎక్కే కొండా? 1226 మీటర్ల ఏకశిల. దాని కరిగుడ్డ శిఖరం వైపు పగలే కాళ్ళు జారతాయి. యతి కోసం ఐదుగురు కుర్రాళ్ళను చీకట్లో ఎక్కిస్తావా?

మారతహళ్ళి మౌని: దుప్పటి సరే, కింద పరిచే మ్యాట్ ఏదీ? డిసెంబరు చలి గాలికంటే ముందు నేలలోంచి ఎక్కుతుంది. పద్యంలో చోటు లేకపోతే సంచిలోనైనా ఉండాలి.

బనశంకరి పిన్ని: పులిహోర చింతపండుదే అయితే మర్నాడు పొద్దున కూడా తినొచ్చు. కొబ్బరన్నం పట్టుకెళ్తే రాత్రికే వాసన. నా పూరణ ఇదిగో, టెంటు లేకుండా:

పదునొకండవ నెల నిండె, పదుడ టంచు
నింటి యజమాని తరుమగ, నింతి పతియు
పాపతో 'క్యాంపు పోదము, పద' యటంచు
నిల్లు మడిచి సంచిని దాచి యేగినారు

నిర్వాహకుడు: ఆహా! పాపకు మాత్రం క్యాంపింగే. అద్దెకున్నవాళ్ళందరి తరఫునా ఒక నమస్కారం.

మారతహళ్ళి మౌని: ఆ పదకొండు నెలల లెక్క ఓనర్ల పంచాంగం కాదండోయ్. ఏడాది దాటిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు. నా అడ్వాన్సులో పెయింటింగ్ పేరుతో ఎంత కోశారో చెప్తే ఈ చర్చ మొత్తం దానికే సరిపోతుంది.

యశవంతపురం శాస్త్రి: పిన్నిగారూ, ఊహ మెచ్చుకోదగ్గదే. కాకపోతే మొదటి పాదంలో ఒక 'టంచు', మూడో పాదంలో ఇంకో 'టంచు'. పదాలు పొదుపుగా సర్దుకున్నట్టున్నారు.

బనశంకరి పిన్ని: మొదటి 'పద' ఓనరుది, రెండో 'పద' తండ్రిది. అదే మాట ఒకరి నోట తరిమితే ఇంకొకరి నోట ఊరడిస్తుంది. అది కావాలని చేసిందే శాస్త్రిగారూ. మీరు మాత్రం లెక్కపెట్టుకోండి.

యశవంతపురం శాస్త్రి: సరే, సామాను సర్దడం మీద నాదీ ఒకటి:

మేకు లటకమీదనె యుండె, మేలు మేలు!
బ్యాటరీ లేని టార్చితో బయలుదేరి
వానకోటును మఱచిరి వారు; కాని
యిల్లు మడిచి సంచిని దాచి యేగినారు

కోరమంగళ కుర్రకవి: శాస్త్రిగారూ, మూడో పాదం యతిస్థానంలో 'బు' పడింది కదా?

మారతహళ్ళి మౌని: ఏ 'బు' బాబూ? మూడో పాదంలో 'వా'కి 'వా'యే ఉంది. మళ్ళీ చదువు.

బనశంకరి పిన్ని: కుర్రవాడి తొందర అలా ఉంచండి. శాస్త్రిగారూ, సావనదుర్గ బండ మీద మేకులు ఉన్నా దిగవు. టెంటు తాళ్ళు పెద్ద రాళ్ళకు చుట్టి కట్టుకోవాల్సిందే. అటక మీద వాటిని మరిచిపోయినవాళ్ళు అనవసరపు బరువు తగ్గించుకున్నారన్నమాట. 'మేలు మేలు' అన్నది నిజమే అయింది!

నిర్వాహకుడు: ఎత్తిపొడుపు తిరగబడింది.

కోరమంగళ కుర్రకవి: పోయిన నెల నేను 'వచ్చుండె' అని రాస్తే, క్త్వార్థానికి ('వచ్చి', 'దాచి' లాంటి మాటలకు) సంధి లేదని శాస్త్రిగారు వ్యాకరణం రాసిన చిన్నయసూరిని తెచ్చి నా మీద కూర్చోబెట్టారు. సమస్యలో 'దాచి యేగినారు' చూడగానే ఒళ్ళు జలదరించింది.

యశవంతపురం శాస్త్రి: జలదరించింది కాబట్టే ఈసారి ఆ తప్పు చేయలేదు. నీ మొదటి పాదానికి నా సవరణ తీసుకో, పగలే ఎక్కొచ్చు:

రేపు సావనదుర్గము ప్రీతి నెక్క

బనశంకరి పిన్ని: సంయుక్తాక్షరం 'ప్రీ' ముందున్న 'ము' గురువు కాదా?

యశవంతపురం శాస్త్రి: సమాసం కాదు, వేరే పదం. కాదు. మీకు తెలిసే అడుగుతున్నారు.

బనశంకరి పిన్ని: తెలుసు. మీరు ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలరో లేదో చూద్దామని అడిగా. మూడు పట్టాయి.