ఆగ్రా పారా కోర్సు: నేలమీద అన్ని రోజులు ఏం చేయిస్తారు?

ప్రశ్న: మా తమ్ముడు పారా కోర్సుకి, అంటే పారాచూట్‌తో దూకే శిక్షణకి వెళ్తున్నాడు. విమానం ఎక్కించకముందు ఏం నేర్పుతారు? చీలమండలే ఎక్కువగా ఎందుకు దెబ్బతింటాయి?

జవాబు: పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్ నడిపేది వాయుసేనేనండీ. పారాట్రూపర్ బ్యాడ్జి రావాలంటే 5 జంప్‌లు, అందులో ఒకటి రాత్రిపూట. ఆగ్రా దగ్గరి మాల్‌పురా మైదానంలో సుమారు 1,250 అడుగుల ఎత్తు నుంచి దింపుతారు. అంత తక్కువ ఎత్తులో ఆలోచించే టైమ్ ఉండదు, అందుకే నేలమీద విసుగొచ్చేదాకా చేయిస్తారు.

జవాబు: చీలమండ సంగతి నేను చెప్తా. నేలకి దిగేటప్పుడు పాదాలు, మోకాళ్లు అతుక్కుని ఉండాలి, మోకాళ్లు కాస్త వంచాలి. మొదట పాదం, తర్వాత పిక్క, తొడ, పిరుదు, వీపు పక్క భాగం వరసగా నేలకి తగలాలి. కిందికి చూస్తే నేల మీదికి దూసుకొచ్చినట్టు ఉంటుంది. తెలియకుండానే ఒక కాలు ముందుకు చాస్తారు. బరువంతా దానిమీదే పడుతుంది, ఇక విరగక ఏం చేస్తుంది? చూపు ఎదురుగా ఉండాలి.

ప్రశ్న: థాంక్స్ అన్నా. పారాచూట్ తాళ్లు మెలిపడితే?

జవాబు: గొడుగు, అంటే పారాచూట్ గుడ్డ, నిండుగా విచ్చుకుంటే కంగారు అక్కర్లేదు. రెండు రైజర్లూ (భుజాల నుంచి తాళ్లదాకా వెళ్లే పట్టీలు) విడదీసి పట్టుకుని, సైకిల్ తొక్కినట్టు కాళ్లు ఆడిస్తే మెలి విడుతుంది. దూకాక నాలుగు లెక్కపెట్టి పైకి చూసేసరికి గొడుగే విచ్చుకోకపోతే ఛాతీమీది రిజర్వ్ (అదనపు పారాచూట్) లాగాల్సిందే. దిగాక గాలి ఈడ్చుకెళ్తుంటే నేలవైపు తాళ్లు లాగమనండి, గొడుగు కూలిపోతుంది. చాలామంది పై తాళ్లు లాగి ఇంకా దూరం పోతారు.