దేన్నీ ఢీకొట్టని న్యూట్రినోని పదార్థం ఎలా మారుస్తుంది?

మారతహళ్లి మామయ్య:
ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, పొట్టకూటికి బెంగళూరులో సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. ఒంగోల్లో మా అక్క కొడుకు ఇంటర్ సెకండియర్. నిన్న సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే ఫోన్ చేశాడు. "మామయ్యా, న్యూట్రినో అనే చార్జ్ లేని అతి తేలికైన కణం కాంతి సంవత్సరం మందం సీసంలోంచి కూడా దూరిపోగలదంటావు. మళ్లీ సూర్యుడిలోని పదార్థం వల్ల దాని ఫ్లేవర్ (ఎలక్ట్రాన్, మ్యూయాన్, టౌ అనే మూడు రకాల్లో ఏదన్నది) మారుతుందంటావు. ఏదో ఒకటే నిజమై ఉండాలి కదా?" ఎంఎస్‌డబ్ల్యూ ఎఫెక్ట్ (దాన్ని తేల్చిన ముగ్గురి పేర్ల ఇంగ్లిష్ మొదటి అక్షరాలు) అని పేరు చెప్పి తప్పించుకున్నా. వాడు వదిలే రకం కాదు, ఆదివారం మళ్లీ చేస్తాడు. ఈక్వేషన్లు వద్దు, వాడి ప్రశ్నకు సూటిగా జవాబు కావాలి.

తరమణి తంబి:
రెండూ నిజమేనండీ. ఢీకొట్టడం వేరు, వక్రీభవనం వేరు. గాజులో దూరిన కాంతి గాజును కదపకుండానే నెమ్మదిస్తుంది, ఇదీ అలాంటిదే. ఢీకొట్టే అవకాశం ఫెర్మీ స్థిరాంకం (న్యూట్రినో స్పందించే బలహీన బలం ఎంతో చెప్పే సంఖ్య) వర్గాన్ని బట్టి ఉంటుంది. ఆ స్థిరాంకమే అతి చిన్నది, ఇక దాని వర్గం సంగతి చెప్పాలా? కానీ నేరుగా ముందుకు సాగే తరంగం ఫేజ్‌లో (ఎత్తుపల్లాల వరుసలో) వచ్చే తేడా మాత్రం స్థిరాంకం మొదటి ఘాతాన్ని బట్టే ఉంటుంది. దారిలో ఉన్న ఎలక్ట్రాన్లన్నిటి వాటా కలిసి కూడుతూ పోతుంది. న్యూట్రినో శక్తి పోగొట్టుకోదు, దారీ మళ్లదు.

బలహీన బలాన్ని మోసే కణాలు జెడ్, డబ్ల్యూ బోసాన్లు. జెడ్ బోసాన్ వల్ల వచ్చే ప్రభావం మూడు ఫ్లేవర్లకీ సమానం, కొట్టేయొచ్చు. డబ్ల్యూ బోసాన్ ద్వారా ఎలక్ట్రాన్లతో అదనపు లావాదేవీ ఎలక్ట్రాన్ న్యూట్రినోకే ఉంది. ప్రతి ఫ్లేవరూ వేర్వేరు ద్రవ్యరాశి స్థితుల మిశ్రమం కాబట్టి, ఒక్క ఫ్లేవర్ ఫేజ్ వేరుగా నడిస్తే ఆ మిశ్రమమే మారిపోతుంది. దీన్ని 1978లో భౌతిక శాస్త్రవేత్త వోల్ఫెన్‌స్టైన్ చెప్పాడు. సూర్యుడిలోలాగా సాంద్రత మెల్లగా తగ్గుతూ పోతే ఏమవుతుందో 1985లో మిఖేయెవ్, స్మిర్నోవ్ తేల్చారు.

మారతహళ్లి మామయ్య:
ఇది వాడికి ఎక్కుతుంది. కానీ "అంత చిన్న తేడా ఎవరికి లెక్క?" అంటాడు, చూడండి.

తరమణి తంబి:
దేంతో పోల్చి చిన్నదని అడగమనండి. సూర్యుడి నడిబొడ్డున ఆ అదనపు శక్తి ఎలక్ట్రాన్ వోల్టులో లక్ష కోట్ల వంతులు కొన్ని, అంతే. కానీ 10 ఎంఈవీ (కోటి ఎలక్ట్రాన్ వోల్టుల) న్యూట్రినోకి ఆ స్థితుల ద్రవ్యరాశుల తేడా వల్ల వచ్చేదీ అదే స్థాయిలో ఉంటుంది, ఇంకా కాస్త తక్కువే. అందుకే అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్ న్యూట్రినో చాలావరకు రెండో ద్రవ్యరాశి స్థితిలోనే ఉంటుంది, సాంద్రత మెల్లగా తగ్గుతుంది కాబట్టి బయటికీ అలాగే వస్తుంది. ఆ స్థితిలో ఎలక్ట్రాన్ ఫ్లేవర్ వాటా మూడో వంతుకు కాస్త తక్కువ. కెనడాలోని సడ్‌బరీలో వెయ్యి టన్నుల భారజలం పెట్టి లెక్కిస్తే వచ్చింది కూడా దాదాపు మూడో వంతే. శక్తి 0.42 ఎంఈవీ దాటని పీపీ న్యూట్రినోల (సూర్యుడిలో రెండు ప్రోటాన్లు కలిసినప్పుడు పుట్టేవి) దగ్గర పదార్థం మాట చెల్లదు. వాటిలో సగానికి పైగా ఎలక్ట్రాన్ న్యూట్రినోలుగానే చేరతాయి.

కేజీఎఫ్ అభిమాని:
భూమిని మర్చిపోయారు! రాత్రిపూట సౌర న్యూట్రినోలు భూమిలోంచి వస్తాయి, ఆ పదార్థం వల్ల కొన్ని మళ్లీ ఎలక్ట్రాన్ ఫ్లేవర్‌కి మారతాయి కాబట్టి, జపాన్‌లోని సూపర్ కామియోకాండే డిటెక్టర్‌లో ఎలక్ట్రాన్ న్యూట్రినోలు పగటికంటే 3 శాతం దాకా ఎక్కువ కనిపించాయి.

యాంటీన్యూట్రినోకైతే (న్యూట్రినో ప్రతికణం) ఈ ప్రభావం గుర్తు తిరగబడుతుంది. ఏ ద్రవ్యరాశి స్థితి బరువైనదో తేల్చడానికి పనికొచ్చేది ఇదే. తమిళనాడులోని తేనిలో 50 వేల టన్నుల అయస్కాంతీకరించిన ఇనుముతో కట్టాలనుకున్న డిటెక్టర్ ఉద్దేశమూ అదే: ఢీకొన్నప్పుడు పుట్టే మ్యూయాన్ (ఎలక్ట్రాన్‌కి బరువైన అన్న లాంటి కణం) ఎటు వంగిందో చూసి న్యూట్రినోనీ యాంటీన్యూట్రినోనీ విడదీయడం. అది ఆగిపోయింది, నాకు కడుపుమంట. వాతావరణ న్యూట్రినోలను (కాస్మిక్ కిరణాలు గాలిని తాకినప్పుడు పుట్టేవి) 1965లోనే పట్టుకున్న కోలార్ బంగారు గని (కేజీఎఫ్) బెంగళూరుకి వంద కిలోమీటర్ల దూరంలోనే ఉంది, మీ మేనల్లుడికి ఆ సంగతీ చెప్పండి.